మూల నాయనమ్మ నిర్ధారణ

తణుకు బస్టాండు ఎదురు వీధిలో కొప్పిశెట్టి వీరభద్రానికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. దుకాణం అతని వృత్తి. కథలు రాయడం అతని జబ్బు. జబ్బు అనడం ఎందుకంటే, కథ తట్టిన మరుక్షణం అతనికి గుండెదడ పట్టుకునేది. ఈ ఆలోచన నాదేనా, ఇదివరకే ఎవరైనా రాసి పారేశారా అన్న దడ అది.

రాసిందాన్ని ముందుగా భార్య నాగరత్నానికి చదివి వినిపించేవాడు. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి మరీ వినేది. విని, "బావుందండి. అచ్చం మా వేల్పూరు పిన్ని ఇంట్లో ఇలాగే జరిగింది" అనేది.

ఆవిడ లెక్కలో అది మెచ్చుకోలు. వీరభద్రానికి మాత్రం అది పిడుగు. మారుమాట లేకుండా కాగితాలు నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసేవాడు. నాగరత్నానికి పిన్నులు ఎక్కువ. అందువల్ల వీరభద్రానివి అచ్చయిన కథలు తక్కువ.

అంచేత, ప్రభుత్వం రాష్ట్ర కథా నూతనత్వ పరిరక్షణ మండలిని స్థాపించిందని పేపర్లో పడ్డనాడు రచయితలందరూ నెత్తి బాదుకుంటే, సంతోషించినవాడు బహుశా అతనొక్కడే. తన కథ కొత్తదో పాతదో పిన్నులతో నిమిత్తం లేకుండా సర్కారే తేల్చి చెబుతుంది. అంతకన్నా ఏం కావాలి?

మండలి ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. ఒక మంత్రిగారు ఒక బడి వార్షికోత్సవంలో, తన చిన్నతనంలో స్వయంగా జరిగిందంటూ ఒక ముచ్చట చెప్పారు. ఆయన సగంలో ఉండగానే ముందు వరస పిల్లలంతా కలిసి ఆఖరి మాట అనేశారు. సభలో వాళ్లు నవ్వారు. కారెక్కుతూ మంత్రిగారు, రాష్ట్రంలో పాత కథలు మరీ పేరుకుపోయాయనీ, జనం బుర్రలు ఎదగకపోవడానికి అదే కారణమనీ సెలవిచ్చారు. పక్కనున్న కార్యదర్శి ఆ మాట రాసుకున్నాడు. అధికారులు రాసుకున్న మాటలు ఊరికే పోవు. కొద్ది రోజుల్లోనే అది చట్టమైంది. మండలి ముద్ర లేనిదే ఏ పత్రికా కథ వెయ్యకూడదు. ఎన్నికల వాగ్దానాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వీరభద్రానికి ఒక మంచి కథ తట్టింది. ఒక ముసలి మొగుడూ పెళ్లాం. ఇద్దరికీ కలిపి ఒకే కళ్లజోడు. పొద్దున ఆయన పేపరు చదువుకుంటాడు, తర్వాత ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంది. ఒకనాడు ఇద్దరికీ మాటా మాటా వచ్చి పలకడం మానేశారు. కానీ కళ్లజోడు చేతులు మారక తప్పదు కదా. అరుగు మీద పెట్టి దగ్గడం, గిన్నె చప్పుడు చేసి అడగడం, ఇలా నడుస్తుంది. ఇది చూడలేక కొడుకు రెండో కళ్లజోడు కొనిపెడతాడు. దాంతో ఇంట్లో దగ్గు కూడా వినపడదు. చివరికి ఆవిడ పీట మీద పెట్టిన ఆ కొత్త కళ్లజోడు మీద తెలిసే కూర్చుంటుంది.

వీరభద్రం దాన్ని నాగరత్నానికి వినిపించకుండా, జాగ్రత్తగా, నేరుగా గోదారి గట్టు వారపత్రిక సంపాదకుడు పూర్ణానందం దగ్గరికి పట్టుకెళ్లాడు.

"బావుందండి వీరభద్రంగారు. వార్షిక సంచికలో మొదట ఇదే వేస్తాను" అన్నాడు పూర్ణానందం. "కానీ ఆ ముద్రేదో వేయించుకొచ్చేయండి. లేకపోతే మన మెషీనుకి తాళం పడుద్ది."

వీరభద్రం పెళ్లిచూపులకు వెళ్తున్నవాడిలా తయారై ఏలూరు బస్సెక్కాడు.

*

మండలికి ఏలూరులో పాత పశువుల ఆసుపత్రి భవనం కేటాయించారు. ఆసుపత్రి ఊరి చివరికి మారిపోయింది గాని ఆ సంగతి పశువులకు తెలియదు. కుంటే గేదెలూ కడుపుబ్బిన ఆవులూ ఇంకా వస్తూనే ఉన్నాయి. సూదిమందు వేసేటప్పుడు పశువు కదలకుండా నిలబెట్టే ఇనప చట్రం వరండాలో అలాగే ఉంది. రచయితలు వరస తప్పకుండా ఉంటారని మండలివారు దాన్ని తియ్యలేదు. వీరభద్రం ఒక నవలా రచయిత్రికీ ఒక దూడకూ మధ్య ఆ చట్రంలో నిలబడి తన వంతు కోసం చూశాడు.

కిటికీ వెనక పరిశీలనాధికారి సూర్యప్రకాశం కూర్చున్నాడు. ఆయన తూనికలు కొలతల శాఖ నుంచి బదిలీ మీద వచ్చినవాడు. వీరభద్రం కథను అందుకుని, చదవకముందు ఒకసారి చేత్తో ఎగరేసి బరువు చూశాడు.

"ఇందులో మొగుడున్నాడా?"

"ఉన్నాడండి."

"పెళ్లాం?"

"ఆవిడా ఉందండి. వాళ్లిద్దరిదే కథ."

సూర్యప్రకాశం విచారంగా తలూపాడు. "మొగుడూ పెళ్లాం పూర్వ వినియోగంలో ఉన్నారండి. కలిపీ ఉన్నారు, విడివిడిగానూ ఉన్నారు."

"పోనీ, అన్నదమ్ముల్ని చేస్తే?"

"మండలి తెరిచిన వారంలోనే అయిపోయారు."

"అత్తాకోడళ్లు?"

సూర్యప్రకాశం వీరభద్రం వంక జాలిగా చూశాడంతే.

"మరి ఖాళీగా ఎవరున్నారండి?"

"మనుషుల్లో కష్టం. జంతువుల్లో కాకి, నక్క, సింహం, కుందేలు, కోతి, ఇవన్నీ ఎప్పుడో నిండిపోయాయి." ఆయన గొంతు తగ్గించాడు. "మేకల్లో కాస్త తెరిపిగా ఉంది. మీరు మంచివారిలా ఉన్నారని చెబుతున్నాను."

"మేకలు కళ్లజోడు పెట్టుకోవు కదండీ."

"సంభావ్యత మా పరిధిలోకి రాదు. నూతనత్వం వరకే మాది."

వీరభద్రం ఇంటికొచ్చి, ముసలాయన్నీ ముసలావిడనీ తీసేసి రెండు మేకల్ని పెట్టాడు. ఈసారి దాచాల్సిన అవసరం కనపడక నాగరత్నానికి చూపించాడు.

"ఏవండీ, ఈ మేక పేపరెందుకు చదువుతోంది?"

"గవర్నమెంటు చదవమంది."

"తినకుండానా?" అంది నాగరత్నం.

రెండోసారి వెళ్లినప్పుడు సూర్యప్రకాశం మేకల్ని చూసి సంతోషించాడు. కానీ వాటి మధ్య గొడవ ఉండటం ఆయనకు నచ్చలేదు. అలక, కోపం, ప్రేమ, అసూయ, వీటన్నిటికీ పైనుంచి తలుపులు మూసేశారట. చివర్లో మేకలు రాజీపడటం కూడా కుదరదన్నాడు. కలవడం, విడిపోవడం, చావడం, ఈ మూడూ లేని ముగింపు ఏదైనా అభ్యంతరం లేదన్నాడు.

"గొడవా లేక, రాజీ లేక, మరి మేకలేం చేస్తాయండి?"

"నిలబడొచ్చు" అన్నాడు సూర్యప్రకాశం.

అలా రాసీ కొట్టీ, కొట్టీ రాసీ, చివరికి వీరభద్రం కథ ఈ రూపానికి వచ్చింది. ఒక పొలంలో రెండు మేకలు నిలబడి ఉన్నాయి. వాటికి కొంత దూరంలో ఒక కళ్లజోడు ఉంది. వాన కురవలేదు.

సూర్యప్రకాశం దాన్ని రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వాన పూర్వ వినియోగమే. కానీ కురవకపోవడం కొత్త" అన్నాడు. కుర్చీలోంచి లేచి, కిటికీలోంచి చెయ్యి చాపి వీరభద్రం చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇలాంటిది ఇంతవరకూ మా దృష్టికి రాలేదండి. తుది ఆమోదానికి పైకి పంపిస్తున్నాను."

వీరభద్రం తిరుగు బస్సు ఎక్కేముందు కాజాలు కొన్నాడు. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి కథ చదివాడు. చదవడానికి ఆట్టే సేపు పట్టలేదు. నాగరత్నం తన చుట్టాలందరినీ మనసులో ఒకసారి తడుముకుంది.

"లేదండి. మా పిన్నుల్లో ఎవరికీ ఇలా జరగలేదు" అంది.

ఈ మాట కోసం వీరభద్రం పెళ్లయిన నాటి నుంచీ ఎదురుచూస్తున్నాడు. తీరా విన్నాక ఏం చెయ్యాలో తోచక ఒక కాజా నోట్లో వేసుకున్నాడు. అది కూడా రుచించలేదు.

*

ఈలోగా మండలి ఉత్సాహం కథల దగ్గర ఆగలేదు. పత్రికల్లో పాత కథలు అరికడితే సరిపోతుందా, నోటితో చెప్పేవాటి మాటేమిటని ఎవరో పై అధికారికి సందేహం వచ్చింది. మౌఖిక కథనాలను కూడా చట్టం కిందికి తెచ్చారు.

దాంతో తణుకులో బతుకు మారిపోయింది. ఆలస్యంగా వచ్చిన పాలవాడు "గేదె తన్నేసిందమ్మా" అంటే నాగరత్నం, ముద్ర ఏదని అడగాల్సి వచ్చేది. బడిలో మాస్టార్లు, పిల్లలు తెచ్చే కడుపునొప్పిని తిరస్కరించారు. ఒక కుర్రాడు నాకు మోకాలి వెనక దిగులుగా ఉందని రాసి సెలవు సంపాదించాడు. కోర్టులో ఒక దొంగ, ఆ సమయంలో నేను ఊళ్లోనే లేనండి అన్నాడు. అది ముందు దొంగలందరూ చెప్పిందేనని ప్లీడరు అభ్యంతరం లేవదీశాడు. టీ కొట్ల దగ్గర మండలివారి జీపు ఆగితే, అంతదాకా కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు చప్పున నోళ్లు మూసుకుని గ్లాసుల్లోకి చూసేవారు. కళ్లజోళ్ల దుకాణంలో కూడా సందడి పోయింది. వచ్చినవాళ్లు అద్దం ముందు కూర్చుని, గోడ మీద అక్షరాలు చదివి, కళ్లజోడు పెట్టుకుని వెళ్లిపోయేవారు. ఒకప్పుడు వాళ్లే గంటలకొద్దీ కూర్చుని ఊళ్లో సంగతులు చెప్పేవారు. వీరభద్రానికి కథలు తట్టింది ఆ కుర్చీల దగ్గరే.

ఆ సమయంలోనే మండలి నుంచి పిలుపొచ్చింది. కథ నూతనమైనదే గాని, కర్త నూతనుడో కాదో తేలవలసి ఉందట. బాల్యంలో కథలు విన్నవాడి బుర్రలో వాటి అవశేషాలు మిగిలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి దరఖాస్తుదారు చిన్నప్పుడు ఏ కథా విని ఎరగడని పెంచినవారు స్వయంగా వచ్చి చెప్పాలి.

వీరభద్రం తల్లి మాణిక్యమ్మ వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. అతను పక్కన చతికిలబడి సంగతి చెప్పాడు.

"ఒరేయ్ భద్రం, కథ చెప్పకుండా నీకు ఒక్క ముద్ద దిగేదట్రా?" అందావిడ. "ముద్దకో కథ. మీ నాన్నేమో, నువ్వు కథలు మింగుతున్నావు, అన్నం నేను మింగుతున్నానని నవ్వేవాడు."

"అక్కడ మాత్రం చెప్పలేదని అనవే అమ్మా."

"అబద్ధమాడమంటావు."

"కథలు రాసేవాడి తల్లివి, ఒక్క అబద్ధం ఆడలేవా?"

మాణిక్యమ్మ కాసేపు చిక్కుళ్లతో గడిపింది. "నీకు అంత ఇదిగా ఉంటే అలాగే అంటాలే" అంది చివరికి. "కాని నాకు కష్టంగానే ఉందిరా."

అతనికీ కష్టంగానే ఉంది. కానీ వార్షిక సంచికలో మొదటి కథ.

*

విచారణ ఒకప్పుడు పశువులకు కట్లు కట్టే పెద్ద గదిలో జరిగింది. మండలి సంచాలకుడు డాక్టర్ త్రివిక్రమరావు ఎత్తైన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన డాక్టరేటు కథల మీద కాదు, చెదల మీద. సూర్యప్రకాశం పక్కన కూర్చుని రాసుకుంటున్నాడు. మాణిక్యమ్మకు స్టూలు వేశారు. వెనక బెంచీ మీద వీరభద్రం, నాగరత్నం.

"సదరు కుమారునికి శైశవ, బాల్యావస్థలలో తమరు ఎటువంటి కథనాత్మక పదార్థమునైనా అందించియున్నారా?" అని అడిగాడు త్రివిక్రమరావు.

మాణిక్యమ్మ కోడలి వైపు చూసింది. "ఏం పెట్టారని అడుగుతున్నారత్తయ్యా" అంది నాగరత్నం.

"పప్పన్నం పెట్టానండి."

"పప్పన్నముతో పాటుగా?"

"నెయ్యి."

"కథలు, ఉపకథలు, పిట్టకథలు ఇత్యాదులు?"

మాణిక్యమ్మ చీర చెంగు సర్దుకుంది. "లేదండి. ఏమీ చెప్పలేదు" అంది, నేల చూస్తూ.

వీరభద్రం ఊపిరి వదిలాడు. త్రివిక్రమరావు ముఖం వికసించింది. "చాలా సంతోషము. రాసుకొనుడు సూర్యప్రకాశం. సదరు మాతృమూర్తి తన కుమారునికి ఒక్క కథయైనను చెప్పక, సంపూర్ణ నిర్లక్ష్యముతో పెంచియున్నారు. ఈ నిర్లక్ష్యము ప్రశంసనీయము. ఇతర తల్లులకు ఆదర్శప్రాయము."

"సంపూర్ణ..." అంటూ సూర్యప్రకాశం రాస్తున్నాడు.

"ఆగు నాయనా" అంది మాణిక్యమ్మ. ఆవిడ స్టూలు మీంచి లేచి నిలబడింది. "ఎవరండీ నిర్లక్ష్యం? మూడు పూటలా చెప్పాను. జొరమొస్తే అదనంగా చెప్పాను. నేతిగిన్నెలో పడ్డ పిచ్చుక కథ వీడికి ఎన్నిసార్లు చెప్పానో ఆ దేవుడికే తెలుసు."

"అమ్మా" అన్నాడు వీరభద్రం నీరసంగా.

"నువ్వుండరా. కన్నతల్లి కథ చెప్పలేదని కాగితాల మీద రాస్తే, నేను పోయాక కూడా అదే చదువుతారు." ఆవిడ త్రివిక్రమరావు వైపు తిరిగింది. "పిచ్చుక నేతిగిన్నెలో పడిందండి. రెక్కలు అతుక్కుపోయి ఎగరలేకపోతోంది. అంతలో పిల్లి వచ్చి, నిన్ను తినేస్తానంది. తిందువుగాని గాని, ఈ జిడ్డుతో తింటే నీకు వెగటుగా ఉంటుంది, శుభ్రంగా నాకి ఆ తర్వాత తిను అంది పిచ్చుక. పిల్లి కూర్చుని నెయ్యంతా..."

"నెయ్యి కాదండి" అన్నాడు సూర్యప్రకాశం, కలం ఆపి. "బెల్లం పాకం. నెయ్యయితే రెక్కలు అతుక్కోవు కదండీ. మా నాయనమ్మ పాకమనే చెప్పింది."

తనేమన్నాడో తెలిసి సూర్యప్రకాశం కలం వంక చూసుకున్నాడు.

"మీరిద్దరును పొరబడుచున్నారు" అన్నాడు త్రివిక్రమరావు. "అది ఆముదము."

"ఆముదం పిల్లి నాకుద్దాండీ?" అంది మాణిక్యమ్మ.

"మా అమ్మమ్మ చెప్పిన పిల్లి నాకెడిది" అన్నాడు ఆయన, పరువు పోకుండా. "నాకి, ఆ తరువాత దానికి..." అని ఆగాడు. ఆ తర్వాత ఆముదం తాగిన పిల్లికి ఏమైందో, పిచ్చుక ఎందుకంత తీరిగ్గా ఎగిరిపోయిందో అందరికీ అర్థమైంది. మాణిక్యమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అదీ బానే ఉందండి. నాకు తెలీలేదు" అంది.

త్రివిక్రమరావు కూడా నవ్వబోయి, హోదా గుర్తొచ్చి మానుకున్నాడు. ఆ వెంటనే ఆయన ముఖం నల్లబడింది. ఒకే పిచ్చుక. ముగ్గురివీ మూడు జిల్లాలు. ముగ్గురు ముసలమ్మలు. అంటే ఇద్దరు దొంగిలించారు. ఆ ఇద్దరిలో ఒకరు తన అమ్మమ్మ కావచ్చు.

"ఇది అంతర్ జిల్లా వ్యవహారము" అన్నాడు. "ఈ కథను తొలుత కల్పించిన వ్యక్తి ఎవరో తేలువరకు ధ్రువపత్రముల జారీ నిలుపుదల చేయడమైనది. మూల నాయనమ్మ నిర్ధారణ ఉపసంఘమును ఇందుమూలముగా నియమించుచున్నాను."

"నాయనమ్మ అంటే అమ్మమ్మలు ఒప్పుకోరండి" అన్నాడు సూర్యప్రకాశం.

"వారికి వేరే ఉపసంఘము."

*

రాష్ట్రంలోని ముసలమ్మలకు కబురు వెళ్లింది. ఎవరి దగ్గర ఏ కథ ఉందో, దాన్ని ఎవరి దగ్గర విన్నారో వచ్చి చెప్పాలి. అధికారులు ఒకరో ఇద్దరో వస్తారనుకున్నారు. కానీ, కూర్చో, నీ మాట వింటాం అని ముసలమ్మను గవర్నమెంటు పిలవడం అదే మొదటిసారి. బస్సులు నిండిపోయాయి. తమలపాకుల డబ్బాలతో, జంతికల సంచులతో, మోకాళ్ల తైలంతో దిగారు. వరండా చాలక పశువుల పాకలో చాపలు పరిచారు.

ప్రతి ముసలమ్మా, ఇది నాది కాదు బాబూ, మా నాయనమ్మ చెప్పింది అనేది. ఆ నాయనమ్మ ఎవరికీ అందుబాటులో లేదు. పైగా ఒకావిడ చెబుతుంటే పక్కావిడ, మా వైపు అలా కాదమ్మా అని అందుకునేది. పిచ్చుక మజ్జిగలో పడింది, తేనెలో పడింది, తారులో పడింది. గుంటూరు నుంచి వచ్చినావిడ చెప్పినదాంట్లో అది మిరపకాయల బస్తాలో పడింది, పిల్లి మాత్రం దాని జోలికి పోలేదు. రాసుకోవలసిన గుమాస్తాలు మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నోళ్లు తెరిచి వింటూ కూర్చునేవారు. ఆఫీసు వేళ అయిపోయినా ఎవరూ లేచేవారు కాదు. గేదెను తోలుకొచ్చినవాళ్లు గేదెను కట్టేసి వాళ్లూ కూర్చునేవారు.

మాణిక్యమ్మ రోజూ వెళ్లొస్తానని పట్టుబట్టింది. తోడు వెళ్లక తప్పక ఒకరోజు వీరభద్రం, నాగరత్నం కూడా వెళ్లారు. పాకలో ఒక మూల కూర్చుని, అతను తన మేకల సంగతి ఏమైందో అడుగుదామని సూర్యప్రకాశం కోసం చూస్తున్నాడు. సూర్యప్రకాశం ఎవరికో దీపం ఒత్తులు చేసి పెడుతూ కథ వింటున్నాడు.

"నీకేం వచ్చు అబ్బాయ్? ఊరికే కూర్చున్నావు, ఒకటి చెప్పు" అంది మాణిక్యమ్మ పక్కనున్న మార్టేరు ముసలమ్మ.

"రెండు మేకలున్నాయండి" అని మొదలుపెట్టాడు వీరభద్రం. "ఒక పొలంలో నిలబడ్డాయి."

"ఎందుకు?"

చుట్టూ ఉన్న ముసలమ్మలు మర్యాదగా ఎదురుచూశారు. ఆ చూపులకు తట్టుకోలేకపోయాడు. "కాదండి. ఒక మొగుడూ పెళ్లాం ఉన్నారు. ఇద్దరికీ ఒకటే కళ్లజోడు" అన్నాడు.

ఈసారి ఎవరూ ఎందుకని అడగలేదు. మధ్యలో దగ్గు వచ్చిన చోట నవ్వారు. కొడుకు రెండో కళ్లజోడు తెచ్చిన చోట, ఎవరో అయ్యో అన్నారు. ముగిసేసరికి మార్టేరు ముసలమ్మ ముక్కు చీదుకుని, "మా తోటికోడలు ఇంతే. దాని మొగుడి చెప్పులు దాచేసేది, అడగడానికైనా నోరు విప్పుతాడని" అంది. ఇంకొకావిడ, అది మా మేనమామ ఇంట్లో జరిగిందేనంది, అక్కడ కళ్లజోడు కాదు, ఊతకర్ర అంది. నాలుగు వైపుల నుంచీ నాలుగు ఇళ్లు బయటికొచ్చాయి.

వీరభద్రం తనకి గుండెదడ వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. తను చెప్పింది ఒకటే అయినా పాక నిండా ఇన్ని కథలు తిరుగుతున్నాయి. వాటివల్ల తన కథ తనది కాకుండా పోయినట్టు అనిపించలేదు.

నాగరత్నం కళ్లు ఒత్తుకుంటోంది. "ఇది నాకు వినిపించలేదేంటండీ?" అంది.

"నీకు పిన్నులెక్కువ."

"ఇది పిన్ని కాదు. మా అమ్మా నాన్నా" అంది నాగరత్నం. "అమ్మ పోయాక నాన్న ఆవిడ కళ్లజోడు పెట్టుకునేవాడు. ఆయనకి దాంతో ఏమీ కనపడేది కాదు."

వీరభద్రం ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఎదురుగా అంతమంది పెద్దవాళ్లున్నా వదల్లేదు. మర్నాడే పూర్ణానందానికి ఫోను చేసి, మేకలు వద్దు, మొదటిదే వెయ్యమన్నాడు. ముద్ర లేదన్నాడు.

"వేసేద్దామండి" అన్నాడు పూర్ణానందం. "తాళం వెయ్యాల్సిన ఇనస్పెక్టరు వాళ్ల అమ్మమ్మని దింపడానికి ఏలూరెళ్లి ఇంకా రాలేదు."

*

మండలి పని ఆగిపోయిందని పైకి తెలిసింది. ప్రభుత్వం దాన్ని రద్దు చేయాలని నిశ్చయించి ఉత్తర్వు పంపింది. రాసిన గుమాస్తా ఎవరో గాని, అంతకుముందు కొబ్బరి పీచు మండలిని రద్దు చేసిన ఉత్తర్వును ముందు పెట్టుకుని రాశాడు. పేర్లు మార్చాడు గాని, మిగిలిన పీచును తడవకుండా భద్రపరచవలెను అన్న వాక్యం అలాగే ఉండిపోయింది.

త్రివిక్రమరావు ఆ ఉత్తర్వును నియమం ప్రకారం పరిశీలనకు పంపాడు. సూర్యప్రకాశం దాన్ని చేత్తో ఎగరేసి చూసి, పూర్వ వినియోగం అని రాశాడు. సదరు రద్దు నూతనముగా లేనందున స్వీకరించుటకు వీలుపడదని జవాబు వెళ్లింది. అప్పటినుంచి సచివాలయంలో, ఇదివరకెవరూ రాయని రకం రద్దు ఉత్తర్వు కోసం ఒక సంఘం కూర్చుంది. అంతవరకు మండలి నడుస్తూనే ఉంటుంది. పాకలో చాపలు కూడా కొత్తవి తెప్పించారు.

గోదారి గట్టు వార్షిక సంచిక వచ్చిన వారానికి, వీరభద్రం దుకాణం ముందు ఒక పెద్దమనిషి మోటారు సైకిలు ఆపాడు. చేతిలో పత్రిక చుట్ట చుట్టి ఉంది. లోపలికి వచ్చి దాన్ని బల్ల మీద పెట్టాడు.

"కొప్పిశెట్టి వీరభద్రం అంటే మీరేనా?"

"ఆయ్, నేనేనండి."

"నాది అత్తిలండి. ఇందులో మీరు రాసింది మా అమ్మా నాన్నల సంగతి. రెండో కళ్లజోడు కొన్న కొడుకుని నేనే. మా ఇంట్లో జరిగింది మీకెవరు చెప్పారో నాకు తెలియాలి."

"ఎవరూ చెప్పలేదండి. ఊహించి రాశాను."

"ఊహించి రాస్తే ఇలా ఎందుకుంటది? మా అమ్మ కూర్చున్న పీట కూడా అదే." ఆయన గొంతు కోపంతోనే మొదలైంది గాని చివరికొచ్చేసరికి మరోలా అయింది. "కానీ మీరు ఆఖర్లో తప్పు రాశారు. మా అమ్మ దాని మీద కూర్చున్న మాట నిజమే. అక్కడితో అయిపోలేదు."

ఇదివరకటి వీరభద్రమైతే ఈ పాటికి పత్రిక ప్రతులన్నీ కొని చించేసేవాడు. ఇప్పుడు లేచి, అద్దం ముందు కుర్చీ తిప్పి ఆయనకు వేశాడు. పక్క కొట్టు వైపు చూసి రెండు టీలు చెప్పాడు. తను బల్ల మీద ఉన్న ఫ్రేములు పక్కకి జరిపి, మోచేతులు ఆనించి కూర్చున్నాడు.

"తర్వాత ఏమైందండి?" అన్నాడు.